దువ్వెనలో రెండేసి పోగులు

సోమవారం

పొద్దున మా బాపు దువ్వెనలో తెల్ల దారాలు కనిపించాయి, పళ్ల సందుకు రెండేసి. లాగి పారేశాను.

సాయంత్రం బాబాయి కూతురు శ్రావణి కెమిస్ట్రీ నోట్సులో మళ్లీ కార్బన్‌కు ఐదు గీతలు గీసింది. నాలుగే బంధాలని మూడోసారి చెప్పాను, అవే పుస్తకం మాటలతో. నాకు వేరే మాటలు రావు. ఫార్మసీ చదవాలని దానికెంత ఆశో నాకు తెలుసు.

"నాతోని కాదక్కా. రేపు కామర్స్‌కు మారుత," అని ఫారం చూపించింది.

మంచం మీంచి అంతా వింటున్న బాపు దువ్వెన పట్టుకుని వచ్చాడు.

"సాంచ మగ్గంల పోగులు దూర్చే ఫణి గిట్లనే ఉంటది గద బిడ్డా. సందుకు రెండే పోగులు. మూడోది ఇరికిస్తే?"

"గుడ్డ మీద గీత పడ్తది పెద్దబాపు. సేటు వాపస్ చేస్తడు."

"మరి గీ కార్బన్‌కు నాలుగు. ఐదోది పెట్టినవా, మాల్ వాపస్!"

శ్రావణి పకపకా నవ్వి ఐదో గీత చెరిపేసింది. ఆ తర్వాత పేజీలో ఒక్కటీ తప్పు పోలేదు. "పెద్దబాపు, మా కాలేజీకి నువ్వే సార్‌గ రా," అంది. ఫారం మాత్రం చింపలేదు, పుస్తకంలో పెట్టుకుని వెళ్లింది. రేపు ఇస్తుందో, ఏమో.

ఇక బాపు దువ్వెనలో దారాలు తియ్యను. మా మగ్గాలు తుక్కు కింద అమ్మేసి ఏడాది అయింది.