రెండో కొస

పాస్టరుగారికి వందనాలు.

ప్రార్థనలో నేను నోరు విప్పడం లేదని, నా విశ్వాసం సన్నగిల్లిందని అనుకుంటున్నారట. అదేం కాదండీ. మా అమ్మాయి పోయినప్పటి నుంచి ప్రభువుకీ నాకూ మాటల్లేవు, అంతే. మా ఆయన మీద అలిగినప్పుడు మాత్రం వంట మానేశానా? అందుకని, ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికే పని ఇంకొకరికి అప్పగించకండి.

అంత పొడుగు గుడ్డ మడతపెట్టడానికి ఇద్దరుండాలి. రెండో కొస అమ్మాయే పట్టుకునేది. ఇప్పుడు కిటికీ ఊచకు కట్టుకుంటున్నాను. నిన్న ఇస్త్రీ ఆవిరి గదంతా మబ్బులా కమ్ముకుంది. ఊచకు కట్టిన ముడి ఎప్పుడు ఊడిందో తెలియదు. గుడ్డ మాత్రం నేలకు తగలకుండా, బిగువుగా, నాతోపాటే మడత పడుతూ వచ్చింది.

అవతల పట్టుకున్నదెవరని నేను అడగలేదు. చెప్పాను కదండీ, మాటల్లేవు.