గడి పెద్ద దర్వాజ

ఆదివారం, ఆగస్టు 2006

తప్పు వార్డెన్ సారుదే. ఒకప్పుడు దొర ఉన్న కోటలాంటి గడి పిల్లల ఆశ్రమమై మూడేళ్లయినా పెద్ద దర్వాజకు తాళం వేసి, పిల్లలను వెనక దొడ్డిదారిన తిప్పుతున్నాడు. వెట్టికి పోయిన రోజుల్లో మా అవ్వ నడిచిన దారి అదే!

సంఘం పంచిన కరపత్రాల్లో చదివిందంతా ఇవాళ ఆయన ముందు అరిచేశాను. ఇటు చూస్తే నా వెంట వచ్చిన అవ్వ, గడి ముందు చెప్పులతో నిలబడకూడదన్న పాత భయంతో, చెప్పులు విడిచి చేత పట్టుకుంది.

ఆశ్రమం పిల్ల యాదమ్మ ఊరుకుంటుందా? “అవ్వా, చెప్పులెందుకు ఇడిసినవ్? లోపల దేవుడు లేడు, మా అన్నం గిన్నెలే ఉన్నయ్.”

“దొర చూస్తడు బిడ్డా.”

“యాడున్నడు? దాగుడుమూతలాడుకుంట అన్ని అర్రలు దేవులాడినం. ఎవ్వరు లేరు!”

అవ్వ పడీ పడీ నవ్వింది. సారుకూ నవ్వాగలేదు. “రేపు తాళం తీస్త గని, నువ్వు జర లొల్లి బంద్ చెయ్ తమ్మీ” అన్నాడు. నా ఉపన్యాసానికి కదలని తాళం!

ఒక్కటే గుబులు. రేపు గడప దగ్గర అవ్వ చేయి మళ్లీ చెప్పుల మీదికి పోతే...

తెల్లారగానే వాడంతా తిరిగి ఇలా చెప్పాలి: పొద్దున ఎనిమిది గంటలకు అందరూ పెద్ద దర్వాజ ముందుకు రండి. అవ్వ చుట్టూ నిలబడదాం. చెప్పులతోనే లోపలికి నడుద్దాం.