బ్రేకుకు పెట్టిన బొట్టు

2021 డిసెంబరు, ఆదివారం
సూరత్

ఒళ్ళంతా నొప్పులు, అయినా నిద్ర రావడం లేదు. లాక్‌డౌన్‌లో మేడ మీద మొదలుపెట్టిన పరుగు నన్ను ఈరోజు డాంగ్ అడవిలో సైకిల్ పోటీ దాకా తీసుకెళ్ళింది.

బయలుదేరే ముందు, అక్క కూతురు స్వప్న ఇచ్చిన సైకిల్‌కు పూజ చేశాను. చక్రం మధ్య తళతళలాడే పళ్ళెం ఉంటే, బొట్టు నిలవాలని నూనెలో కలిపిన కుంకుమ దానికే పెట్టాను. బ్రేకు పట్టేది అక్కడేనని నాకు తెలియదు. మొదటి దిగుడులోనే బ్రేకు జారిపోయింది. కాళ్ళు నేలకు రాసుకుంటూ ఎలాగో ఆపాను. ఆ తర్వాత సైకిల్ తోసుకుంటూ రాళ్ళలో పరుగెత్తాను. పరుగైతే వచ్చు కదా.

ఆఖరి కొండ కిందికి చేరేసరికి అడ్డంగా తాడు కట్టేశారు. "టైమ్ ఖతం, మాసీ," అని పిన్ని వరస కలిపి చెప్పాడు అక్కడున్నతను. పైకెళ్ళి వచ్చినవాళ్ళు, అక్కడి నుంచి మేఘాలు కాళ్ళ కింద కనిపించాయని చెప్పుకుంటున్నారు.

నా కోసం అక్కడే ఎదురుచూస్తున్న స్వప్న పళ్ళెం చూసి పడీపడీ నవ్వింది. "గిదేంది చిన్నమ్మా! బ్రేకుకు బొట్టు పెడ్తరా ఎవలన్న? దేవుడు గూడ జారిపడ్తడు!"

నేనూ నవ్వాను. మాస్కు కళ్ళ దాకా లాక్కున్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన, "ముచ్చట తీరింది గద, ఇగ చాలు" అన్నారు. తలూపాను.

దీపం పెట్టి అందరి ఆరోగ్యం కోరుకున్నాను. ఇంతమంది ఊపిరి అందక చనిపోయిన ఏడాదిలో, నన్ను ఒక్కసారి ఆ కొండ ఎక్కించమని దేవుణ్ణి అడగడానికి సిగ్గేసింది. అడగలేదు. లేచి రాలేక చాలాసేపు అక్కడే కూర్చున్నాను.