కోట ఇంకా పడలేదన్నాను

యాదన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గల్ఫ్‌లో మన మన్సూరా గదిలో నీ మంచం మీదికి కొత్తవాడొచ్చాడు. నువ్వు చదివిన ఫిన్లాండ్ రచయిత నవల మాత్రం నా దిండు కిందే ఉంది. ఆ ఇంగ్లీషు అనువాదానికి ఫోన్‌లో అర్థాలు వెతుక్కుంటూ నిన్ననే ముగించాను. అప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

అందులోని కోటగోడల మహానగరం శత్రువుల చేతిలో పడిపోతుందని అట్ట వెనకే రాసి ఉంది కదన్నా! నువ్వేమో శుక్రవారం సెలవునాడు మా అందరికీ వంట చేస్తూ, పగలు ఫిరంగులు కూల్చిన గోడను రాత్రికి జనం మళ్లీ లేపారనే చెప్పేవాడివి. మేమంతా తాపీ పనివాళ్లం, నమ్మేశాం. చివరి రోజు సంగతి నువ్వు ఎప్పుడూ ఎత్తలేదు.

ఇవాళ అన్నం తింటూ మన గదిలోని సాయిలు అడిగాడు: "యాదన్న బుక్కు సదువుతున్నవ్ గదా, కోట పడ్డదా?"

నీ మీద ఒళ్లు మండింది. అయినా నోట్లోంచి ఇదే వచ్చింది: "ఇంకా పడలే. కూలిన కాడ మల్ల లేపుతున్రు."

"లేపుతరు మరి. ఆడ మేస్త్రీలు లేరా ఏంది?" అంటూ వాడు ఇంకాస్త పప్పు వేసుకున్నాడు.

పుస్తకంలో ఇక రాళ్లు మిగల్లేదన్నా. వచ్చే శుక్రవారం చెప్పే కథకు నేనే ఎక్కడి నుంచైనా తేవాలి.