వాకిట్లో మూడు రోజులు

మలావి,
జూన్ 15, ఆదివారం.

ప్రియమైన అమ్మీకి,

నీ జెబా సలాములు. నా ఒంట్లో బాగానే ఉంది. జ్వరం లేదు, దగ్గు లేదు, తిండికి లోటు లేదు. నిద్ర ఒక్కటే సరిగ్గా పట్టడం లేదు. అక్కడ నువ్వూ అబ్బా కులాసాగా ఉన్నారనీ, వానలు మొదలయ్యాయి కాబట్టి ఆరోగ్య సబ్‌సెంటర్‌కు డ్యూటీకి వెళ్ళేటప్పుడు స్కూటీ నెమ్మదిగా నడుపుతున్నావనీ అనుకుంటున్నాను. అబ్బాకు సలాం చెప్పు. కానీ ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. ఆయనకు ఎప్పుడు, ఎట్లా చెప్పాలో నీకు తెలుసు.

వాట్సాప్ పెట్టుకుని ఉత్తరమేంటి అనుకుంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. అబ్బా కుట్టు మిషన్ ఆపేస్తాడు. జాకెట్ కొలత ఇవ్వడానికి వచ్చిన ఆమెకు కూడా "మా బిడ్డ, ఆఫ్రికా నుంచి" అని చెప్తాడు. ఇక బూర్గంపాడు సెంటర్ మొత్తం నా మాట వింటుంది. ఇది అట్లా చెప్పే సంగతి కాదు. ఇక్కడ గుజరాతీ సేటు దుకాణం ఉంది. ఆయన భార్య సకీనా ఆంటీ గురువారం ముంబై వెళ్తోంది, అక్కడి నుంచి కొరియర్ చేస్తానంది. మా సంస్థ పంపే కెమెరా వాళ్ళు జూలై మొదటి వారంలో మనింటికి వస్తారు. వాళ్ళకంటే ముందు ఇది నీ చేతికి చేరాలి. దానికోసమే కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో మనం మాట్లాడేది ఉర్దూ అయినా మనిద్దరికీ రాయడం వచ్చింది తెలుగే కాబట్టి, ఈ మాటలు తెలుగులోనే రాసి ఏడవాలి.

నీ ఉత్తరం పార్సిల్‌లో చింతకాయ పచ్చడి సీసాకు చుట్టుకుని వచ్చింది. సగం నూనె తాగింది గానీ చదవగలిగాను. ఒక్కొక్కటిగా జవాబు చెప్తాను.

ఏం తింటున్నావని అడిగావు. మొక్కజొన్న పిండితో సంకటి లాంటిది చేస్తారు, సరస్సు చేప వేపుతారు. పచ్చడి వచ్చాక రెండు ముద్దలు ఎక్కువే తింటున్నాను. హలాల్ గురించి బెంగ పెట్టుకోకు. ఈ సరస్సు ఒడ్డున మనవాళ్ళు చాలామంది ఉన్నారు, తెల్లవారుజామున అజాన్ వినబడుతుంది. బక్రీద్‌కు సకీనా ఆంటీ ఇంటికి పిలిచింది. వాళ్ళ బిర్యానీలో ఆలుగడ్డ వేశారు, నేనేమీ అనలేదు. చలి ఉంది, నువ్వు కుక్కి పెట్టిన స్వెటర్ వేసుకుంటున్నాను. గది తలుపుకు లోపల గడియ ఉందా అన్నావు. రెండున్నాయి. బయట గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నన్ను ఎవరూ పట్టి ఉంచలేదు. అయినా అమ్మీ, నేను ఇక్కడ ఇరుక్కుపోయాను.

సోషల్ ఇంపాక్ట్ ఫెలోషిప్ అంటే ఏందని గిరాకీలు అడిగితే అబ్బా "పెద్దాఫీసర్" అంటున్నాడని రాశావు. అంత మాట అననీయకు. ఒక ఆరోగ్య సంస్థ, ఒక ఏడాది పని, తలా ఒక దేశం నుంచి ఎనిమిది మందిమి. నా వంతుకు వచ్చింది ఏంటంటే, వానాకాలంలో దారులు మూసుకుపోయే ఊళ్ళలో గర్భిణీలను ఆసుపత్రికి చేర్చడం గురించి ఇక్కడి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం. ఇరవై ఏడేళ్ళ పిల్లను, చేత్తో ఒక్క కాన్పు చేయనిదాన్ని, నీలాంటి ఆడవాళ్ళ ముందు నిలబడి పాఠం చెప్తున్నాను. మా భోజనాల గదిలో గోడకు నా ఫోటో ఉంది, మన బీరువా తలుపంత. దాని కింద నేను రాసిన మాటలే అచ్చు వేశారు. రోజూ మూడు పూటలా దానికి వీపు పెట్టి కూర్చుని తింటాను.

ఆ కార్యకర్తల్లో ఎస్నాత్ అని ఒకామె ఉంది. నలభై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. నీలాగే చేతి సంచీ, నీలాగే ఎండకు నల్లబడ్డ మడమలు. నేను సంకటి చెంచాతో తింటుంటే చెంచా లాగేసి చేతిలో ముద్ద పెట్టింది. మార్చి నుంచి ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది, కుడికాలు రెండు చోట్ల విరిగింది. రోజూ పని అయ్యాక వెళ్ళి కాసేపు కూర్చుని వస్తున్నాను. ఫోన్‌లో నువ్వు "రోజు సాయంత్రం యాడికి పోతున్నవ్" అని అడిగితే నేను మాట మార్చింది అందుకే.

ఇక నీ ఆఖరి ప్రశ్న. నీ మాటల్లోనే రాస్తాను: "కెమెరావాళ్ళు ఫోన్ జేసిండ్రు బిడ్డా. జంపక్క ఇల్లు చూపియ్యాలెనంట. వానలల్లనే వస్తరంట, వాగు నిండుగ కనవడాలెనంట. జంపక్కతోటి వాళ్ళకేం పని? నువ్వెప్పుడన్న గాడికి పోయినవా?"

పోలేదు అమ్మీ. నీకూ తెలుసు, నాకూ తెలుసు. నిన్నటి దాకా ఈ ఖండంలో అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఈ ఫెలోషిప్‌కు మూడేళ్ళు వరసగా అప్లికేషన్ పెట్టాను. మొదటిసారి హైదరాబాద్ ఆఫీసులో నేను చేసిన సర్వేల గురించి రాశాను, రాలేదు. రెండోసారి నీ గురించి రాశాను, నీ పేరుతోనే, ఉన్నది ఉన్నట్టు. జవాబు కూడా రాలేదు. మూడోసారి ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మీరు ధైర్యం చూపిన సందర్భం చెప్పండి. కిరాయి గదిలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నేను ధైర్యం చూపిన సందర్భం ఒక్కటీ గుర్తుకు రాలేదు. అప్పుడు నీది తీసుకున్నాను.

తీసుకుని ఊరుకోలేదు. దాన్ని మార్చాను. కుండపోత వాన అని రాశాను. నొప్పులు పడుతున్న జంపక్క నడుముకూ నా నడుముకూ ఒకే తాడు కట్టి, రొమ్ముల దాకా నీళ్ళల్లో వాగు దాటించానని రాశాను. అవతలి ఒడ్డున నా చేతుల మీద బిడ్డ పుట్టిందని, ఆ తల్లి బిడ్డకు నా పేరే పెట్టుకుందని రాశాను. రాస్తుంటే నాకే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. పదిరోజుల్లో ఇంటర్వ్యూకు పిలిచారు. వాళ్ళకూ కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

అసలు జరిగింది నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ నేను ఏమేం తీసి పారేశానో నీకు తెలియాలి, అందుకని రాస్తున్నాను. గోదావరి డెబ్భై అడుగులు దాటిన ఏడాది. నెలలు నిండుతున్న జంపక్కను వాగు పొంగకముందే కొత్తగూడెం చేర్చాలని నువ్వు ముందుగానే వెళ్ళావు. వాళ్ళత్త ఒప్పుకోలేదు. "నొప్పులే రాలే, దవాఖానల పండుకొని ఏం జేస్తది? నా కోళ్ళను ఎవలు జూస్తరు?" అంది. నువ్వు పోట్లాడలేదు. వాకిట్లో పీట వేసుకుని, ఆమె ముందున్న ఇప్ప గింజల కుప్పలోంచి నీ వైపు కొన్ని లాక్కుని, పొట్టు తీయడం మొదలుపెట్టావు. పొద్దున వెళ్ళడం, సాయంత్రం రావడం. మూడు రోజులు. నడుము పట్టేసి అబ్బా చేత నూనె రాయించుకున్నావు. మూడో రోజు ఆమె "నువ్వు పోయేటట్టు లేవు గని, తీస్కపో" అంది. నువ్వు అత్తను, కోడలిని, రెండు కోళ్ళను కూడా ఆటో ఎక్కించావు. ఆ తర్వాత వారానికి వాగు పొంగింది, ఊరికి దారి లేకుండా పోయింది. జంపక్క మాత్రం పొడి పక్క మీద కన్నది. బిడ్డకు హాజిరా అని నీ పేరు పెట్టుకుంది.

నువ్వు వాగు దాటనే లేదు. దాటాల్సిన అవసరం రాకుండా చేశావు. అది నాకు చప్పగా అనిపించింది. హైదరాబాద్‌లో చదువుకుని వచ్చిన నాకు, వాకిట్లో కూర్చోవడం ధైర్యం అని తోచలేదు. నీ పని దొంగిలించడం ఒక తప్పు, దాన్ని పాడుచేయడం ఇంకో తప్పు. రెండోదే నన్ను తినేస్తోంది. ఎందుకో చెప్తాను.

ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి ప్రతి శిక్షణా ఆ కథతోనే మొదలవుతుంది. తాడు ఎట్లా కట్టాలో కూడా చెప్పేదాన్ని. ఎక్కడ నేర్చుకున్నానని అడిగితే, మా అమ్మ నేర్పిందని అన్నాను. మార్చిలో పెద్ద వానలు పడ్డాయి. ఎస్నాత్ ఊళ్ళో ఒకామెకు ఇంకా నొప్పులు కూడా రాలేదు, కాన్పుకు ఇంకా రెండు రోజులైనా టైముంది, ఏరు తగ్గేదాకా ఆగొచ్చు. ఎస్నాత్ ఆగలేదు. నేను చెప్పినట్టే నడుముకూ నడుముకూ తాడు కట్టుకుని ఏట్లోకి దిగింది. కొట్టుకొచ్చిన దుంగ ఒకటి ఆమె కాలికి తగిలింది. చేపలు పట్టేవాళ్ళు పడవ వేసుకుని వచ్చారు కాబట్టి ఇద్దరూ బతికారు. ఆ తల్లీ బిడ్డా క్షేమం. ఎస్నాత్ ఇక కుంటుతుందని డాక్టర్ చెప్పాడు. ఆమె ఉద్యోగమంతా నడకే.

నేను మొదటిసారి చూడటానికి వెళ్తే నవ్వింది. "నువ్వు చేసినట్టే చేశాను" అంది.  నేను తెచ్చిన పళ్ళు అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

ఇక్కడ మా సంస్థను నడిపే మేడం ఏమనుకుందంటే, ఇదొక గొప్ప సంగతి అనుకుంది. ఒక దేశంలో ధైర్యం ఇంకో దేశానికి పాకిందట. మన వాగునూ ఎస్నాత్ ఏరునూ కలిపి ఫిల్మ్ తీస్తారు. నవంబరులో మళ్ళీ వానలు మొదలవుతాయి. అంతకుముందే రెండు వందల మంది కార్యకర్తలకు అది చూపిస్తారు. రెండు వందల మంది, అమ్మీ. అందరి సంచుల్లోనూ తాడు ఉంటుంది.

చెప్పేద్దామని రెండుసార్లు మేడం గది దాకా వెళ్ళాను. ఒకసారి నా ఫోటో పెద్దది చేయించే పనిలో ఉంది. ఇంకోసారి "మీ అమ్మగారు ఎంత గర్వపడుతున్నారో" అంది. రెండుసార్లూ ఏదో అడిగి తిరిగి వచ్చేశాను. చెప్తే పంపేస్తారు. అబ్బా దుకాణం మీద కట్టించిన ఫ్లెక్సీ ఇంకా రంగు కూడా పోలేదు. ఆయన ముఖం తలుచుకుని మేడం తలుపు తట్టలేకపోతున్నాను. చెప్పకపోతే నవంబరు. ఎటు తిరిగినా గోడే. మేడం బుధవారం ఊరి నుంచి వస్తుంది, ఆ రోజు చెప్తాను. నా మీద నాకు నమ్మకం లేదు కాబట్టి ముందుగా నీకు రాస్తున్నాను. రేపే ఈ ఉత్తరం అంటించి సకీనా ఆంటీ చేతిలో పెట్టేస్తాను, ఇక నేను వెనక్కి తగ్గడానికి ఏమీ మిగలదు.

నిన్ను అడిగేది ఒక్కటే. వాళ్ళు వస్తే నా కోసం అబద్ధం ఆడకు. నువ్వు ఆడగలవు. ఇంటర్‌లో నేను ఫిజిక్స్ తప్పితే నీ చెల్లెలు ఖమ్మం ఖాలాతో "పిల్లకు పచ్చకామెర్లు వచ్చినయ్, పరీక్షే రాయలే" అని చెప్పిన మనిషివి. ఈసారి వద్దు. జంపక్క వాకిట్లోకి తీసుకెళ్ళు. నువ్వు కూర్చున్న చోటు చూపించు. అత్త ఏమన్నదో, నువ్వేమన్నావో, కోళ్ళతో సహా చెప్పు. మా జెబా అప్పుడు హైదరాబాద్‌లో ఉందని చెప్పు. అది వాళ్ళ ఫిల్మ్‌లో ఉంటే చాలు, నేను లేకపోయినా సరే. నా మీద కోపం వస్తే రానీ. తిట్టు. స్పీకర్ పెట్టి తిట్టినా పడతాను. కానీ మాట్లాడటం మానేయకు, అది నేను తట్టుకోలేను.

ఇవాళ మధ్యాహ్నం ఎస్నాత్‌కు చెప్పాను. అందరికంటే ముందు ఆమెకే చెప్పాలనిపించింది. కాలు దిండు మీద ఎత్తిపెట్టుకుని నారింజ వలుస్తోంది. మొత్తం చెప్పాను, ఒక్క ముక్క దాచలేదు. నారింజ చేతిలోనే ఉండిపోయింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. నారింజ పక్కన పెట్టి, "మరి మీ అమ్మ ఏం చేసింది?" అని అడిగింది. పీట, ఇప్ప గింజలు, మూడు రోజులు, ఆటో, కోళ్ళు, అన్నీ చెప్పాను. కోళ్ళ దగ్గర నవ్వింది కూడా. తర్వాత నవ్వు ఆగిపోయింది. తన కాలి వంక చూసుకుంది. ఆమె అన్నది మన మాటల్లో రాస్తున్నాను అమ్మీ, "గంతేనా? గదైతే నాకు గూడ చేతనయ్యేది గదా, జెబా."

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
జెబా