కాస్టిక్‌కి పాల ట్యాంకు

17-3-1987, మంగళవారం, బీర్‌గావ్

మూడు రోజులుగా మా మేనేజరు దూబే సాబ్ మీద మండిపోతున్నాను. నీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో కాస్టిక్ సోడా నిలవ ఉంచడానికి, మూతపడ్డ డెయిరీ నుంచి అల్యూమినియం పాల ట్యాంకు చవగ్గా తెప్పించాడు. బిగించేది నేనూ అప్పన్న మావా పంపు నడిపే చోట, సరిగ్గా మా నెత్తి మీద. కారితే మా కళ్లు పోతాయి. మామూలు ఇనప ట్యాంకు చాలంటే వినడే!

"లోహాకి జంగ్ పడుతుంది భాయ్, దీనికి పడదు," అంటూ ఇనుముకి పట్టే తుప్పు గురించి చెప్పి, బజారులో బిందె కొంటున్నట్టు ఉంగరంతో కొట్టి మోగించాడు.

నేను కాలేజీ మొహం చూడలేదు. కానీ అల్యూమినియం గిన్నెల్ని సోడాతో తోమితే అమ్మ ఎందుకు తిట్టేదో తెలుసు. ఇవాళ అందరి ముందూ ప్లాస్టిక్ మగ్గులో కాస్టిక్ పోసి, నా అల్యూమినియం టిఫిన్ డబ్బా మూత పడేశాను. బుసబుసా పొంగింది. టీ తాగి వచ్చేసరికి మూతంతా చిల్లులు!

"అన్నం డబ్బాని బలిచ్చేశావేట్రా!" అని అప్పన్న మావ పడీపడీ నవ్వాడు.

దూబే సాబ్ నవ్వలేదు. పెన్సిలుతో ఆ మూతని పొడిచి చూశాడు. "ట్యాంక్ వాపస్. లోహే కా మంగావో," అన్నాడు, ఇనపదే తెప్పించమని. వెళ్తూ వెళ్తూ, "ప్లాంటుకొచ్చే యాసిడ్ దేంట్లో పోయాలో కూడా రేపు నువ్వే చెప్పు," అన్నాడు.

"చెప్తాను సాబ్," అనేశాను, పెద్ద ఇంజినీరులా!

ఇనుములో కాదని మాత్రం తెలుసు. రబ్బరా, ప్లాస్టిక్కా? పాత పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. తిడదామనుకున్నవాడే సలహా అడిగాడు. ఇక రేపు ఎవరి మీద మండిపడాలో…