వెంకటప్పయ్య బొటనవేలు

చిరంజీవి ఇందుకి అమ్మ దీవెనలు. నాన్న మోకాలి నొప్పి తప్పిస్తే రేపల్లెలో అందరం కులాసా. బాపట్ల హాస్టల్లో పప్పు ఇంకా నీళ్ళలాగే పోస్తున్నారా? శనివారం రొయ్యపొట్టు పొడి పంపిస్తాను.

ఎలక్ట్రాన్ సంగతి అర్థమైందా అని అడిగావు. సగం అయింది. కొలవకముందు అది ఇక్కడో అక్కడో తేలదు. మనకి తెలియకపోవడం కాదు, దానికే తేలలేదు. కొలిస్తే మాత్రం ఒక్కచోటే కనిపిస్తుంది. ఆ కొలవడంలో అసలేం జరుగుతుందో పెద్దపెద్ద వాళ్ళకే ఒక మాట కుదరలేదన్నావు. చదవగానే నాకు వెంకటప్పయ్య గుర్తొచ్చాడు.

తెనాలి నుంచి మన బజారుకి, నా దగ్గర పీతలు కొనడానికి వస్తాడే, ఆయనే. అందరూ పీత పొట్ట మెల్లగా నొక్కి, లోపల కండ ఉందో నీళ్ళున్నాయో చూస్తారు. ఈయన నా బుట్ట దగ్గరకొస్తే పెంకు చిట్లేదాకా నొక్కుతాడు. "నాగరత్నం, నీవన్నీ నీళ్ళ పీతలే" అని బజారంతా వినపడేలా అంటాడు. చిట్లితే నీళ్ళు కారవా మరి? చూడటానికని నొక్కి, నొక్కి పాడుచేసి, ముందునుంచీ అంతేనంటాడు. ఆ మాట విని మిగతావాళ్ళు కూడా నా బుట్ట దాటి పోతున్నారు. కడుపు మండిపోయింది.

నిన్న అడవులదీవి నుంచి మంచి పీతలొచ్చాయి. ఆయన ఎప్పటిలాగే చూడకుండా బుట్ట మీద కప్పిన తడిగోనె కింద చెయ్యి పెట్టాడు. ఒకటి బొటనవేలు పట్టేసింది.

"విడిపించు తల్లీ, విడిపించు."

"ఉండు బాబాయ్. ముందు చెప్పు, ఇది నీళ్ళ పీతా, కండ పీతా?"

పక్క బుట్ట వరమ్మ ఊరుకుంటుందా, "నీళ్ళ పీతకి ఇంత పట్టు ఉంటదా అన్నయ్యా?" అంది. అందరూ ఒకటే నవ్వు.

"కండ పీతేనమ్మా. నీవన్నీ కండ పీతలే."

అప్పుడు విడిపించాను. పసుపు కూడా నేనే అద్దాను. బుట్ట అక్కడికక్కడే ఖాళీ అయింది.

ఇంక అసలు సంగతి. పీత కరవకుండా ముందుకాళ్ళకి కట్టిన తాడు దానంతటదే జారిందని అందరూ అనుకుంటున్నారు. నాన్నక్కూడా అలాగే చెప్పాను. విప్పింది నేనే ఇందూ. అన్నిట్లోకీ పెద్దదాన్ని ఏరి, విప్పి, పైన పెట్టాను. నీ ఎలక్ట్రాన్ కొలిచేదాకా తేలదేమో గానీ, నా గోనె కింద అంతా ముందే తేలిపోయింది. తప్పు చేశానని ఏమాత్రం అనిపించడం లేదు. వేలికి కట్టుంది కాబట్టి ఇవాళ నొక్కకుండానే తూకం వేయించుకుని పోయాడు. వేలు మానాక మళ్ళీ అలాగే నొక్కాడా, రెండు పీతలకి విప్పుతాను.

నాన్నకి మాత్రం చెప్పకు.

ఇట్లు,
బేరాల మధ్య గబగబా టైపు చేస్తున్న
మీ అమ్మ, నాగరత్నం